ధన్య లేస్తే ఎవరు కూర్చుంటారు?

హోసూరు,
2 జూన్ 2025

అత్తయ్యకు నమస్కారాలు.

ఫోను ఉండగా ఈ కాగితం ఏమిటని కంగారు పడకండి. ఇక్కడ అంతా క్షేమమే, పైగా ఆ క్షేమం చూడడమే ఇప్పుడు నా ఉద్యోగం. మా ఫ్యాక్టరీలో ఇది 'ఉద్యోగి ఆనంద సంవత్సరం'. మొన్నటిదాకా నా కార్డు మీద హెచ్.ఆర్. అసిస్టెంట్ అని ఉండేది. ఇప్పుడు 'వెల్‌బీయింగ్ లీడ్' అని వేశారు. జీతం మాత్రం పాత కార్డుదే.

ఫోన్ల వల్ల బంధాలు పలచబడుతున్నాయని మా పైవాళ్లకు బెంగళూరు సెమినార్లో తెలిసిందట. అందుకని ప్రతి ఉద్యోగీ సొంత చేత్తో దగ్గరి బంధువుకు ఉత్తరాలు రాయాలి. దారి చూపించాల్సినవాణ్ణి నేనే. అమ్మకు రాస్తే ఏం ముంచుకొచ్చిందోనని చీరాలలో రైలెక్కేస్తుంది. మీరైతే ధైర్యస్థులు.

ఇక అసలు సంగతి. వర్క్‌ప్లేస్ కనెక్షన్ పెరగాలని, ఆరోగ్యం బాగుండాలని చాలా చేస్తున్నాం. అందరికీ ఇన్సూరెన్స్ కార్డులు వచ్చాయి. ఏ గంటకు ఎంత నీళ్లు తాగాలో గీతలు గీసిన సీసాలు ఇచ్చాం. అన్నిటికన్నా గొప్పది, ప్రతి ఒక్కరికీ ఒక బడ్డీ ఇచ్చాం. మీ కొట్లో పప్పులు చెరిగే సుబ్బక్క కూతురు ధన్యను మీరు చెప్పారని ఇక్కడ మిషన్ల లైన్లో చేర్పించాను కదా, అందరికన్నా ముందు ఆ అమ్మాయికే బడ్డీ ఇప్పించాను. సుబ్బక్కకు చెప్పండి, సంతోషిస్తుంది.

మీ క్షేమం కోరే (ఇప్పుడు అధికారికంగా కూడా),
జితేంద్ర


కృష్ణగిరి,
7 జూన్ 2025

ఒరేయ్ జితూ,

నూరేళ్లు బతుకు. బతికి, ముందు ఇది చదువు.

గంటలో బస్సు దిగే ఊరికి ఉత్తరమేమిటని పోస్ట్‌మన్ కూడా నవ్వాడు. అయినా నాకు నచ్చింది. ఫోన్లో అయితే "మీటింగులో ఉన్నానత్తయ్యా" అని పెట్టేస్తావు. కాగితం మీద నిన్ను చివరిదాకా తిట్టొచ్చు.

మీ మామయ్యకు చదివి వినిపించాను. 'కనెక్షన్' దగ్గర ఆపమన్నాడు. "గ్యాస్ కనెక్షనా, కరెంటు కనెక్షనా? సరిగ్గా రాయమని చెప్పు ఆ పిల్లోడికి" అన్నాడు. చిన్నప్పటి నుంచీ కృష్ణగిరి పాతపేటలో వ్యాపారం చేసిన మనిషికి ఇంకో కనెక్షన్ తెలియదు.

ధన్యకు బడ్డీ ఇప్పించావన్న మాట మాత్రం చెవిలో అమృతం పోసినట్టుంది. మీ తాత చీరాల స్టేషన్ బయట ఒక బడ్డీతోనే కదరా మొదలుపెట్టింది! ఈ ఊళ్లో దాన్ని పెట్టికడ అంటారు, అందుకని సుబ్బక్కకు నేనే విడమరిచి చెప్పాను. చేట కింద పెట్టేసి, "నా బిడ్డ అంగడి పెట్టినాదా? ఫ్యాక్టరీ లోపలేనా? నిజంగానా హేమమ్మా?" అని ఏడ్చేసింది.

రేపటి బస్సులో సరుకు వేస్తున్నాను. వేరుశనగ చిక్కీలు, మురుకులు, ఈ ఏటి మామిడి తాండ్ర. ధరలు అంటించాను. మీ వాళ్లకు అప్పు పెట్టొద్దని ధన్యకు చెప్పు.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. మనిషి ఒక్కతే కూర్చునే కొట్టు కొట్టు కాదు. నేను లోపలికి పోతే మీ మామయ్య వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. ఆయన పోతే నేను కూర్చుంటాను. ధన్య లేచినప్పుడు ఎవరు కూర్చుంటారో అది ముందు చూడు.

నిన్ను ఎత్తుకు పెంచిన అత్త,
హేమావతి


హోసూరు,
16 జూన్ 2025

అత్తయ్యకు నమస్కారాలు.

మీ రెండు అట్టపెట్టెలనూ సెక్యూరిటీ వాళ్లు గేటు దగ్గర ఆపి, మురుకుల్ని మెటల్ డిటెక్టర్‌తో తడిమి, నన్ను పిలిపించారు. ధరల చీటీలు చూసి మా మేనేజర్, "ఏం జితేంద్రా, సైడ్ బిజినెస్సా?" అన్నారు. తల తీసేసినట్టయింది.

బడ్డీ అంటే కొట్టు కాదండీ. అది ఇంగ్లీషు మాట. తోడుగా ఉండే మనిషి అని అర్థం. ధన్య బడ్డీ పక్క స్టేషన్లో, అంటే పక్క మిషన్ దగ్గర, పనిచేసే అంగాళమ్మ. ఇద్దరూ ఒకరి మనసు ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఒకరు లేచి వెళ్తే రెండో మనిషి రెండు స్టేషన్ల పనీ చూసుకోవాలి. మొదట్లో కుదురుతుందా అని అనుమానపడ్డాను. ఇప్పుడు ఒకరిని కష్టపెట్టడం ఇష్టం లేక ఎవరూ లేవడమే లేదు. అంత ఐకమత్యం వచ్చేసింది!

ధన్య గురించి దిగులు పడకండి. గేటు దగ్గర మూడ్ బోర్డు పెట్టాం. ఎవరి మనసు ఎలా ఉందో ఆ ముఖం బొమ్మ అంటించి లోపలికి రావాలి. ధన్య రోజూ నవ్వు ముఖమే అంటిస్తోంది. ఏడుపు ముఖాలు ఇంకా ప్రింటింగ్ నుంచి రాలేదనుకోండి, అది వేరే సంగతి. ఎవరు ఎక్కువ నీళ్లు తాగుతారని పెట్టిన పోటీలో కూడా ఆ అమ్మాయే ముందుంది. సాయంత్రం చూసినా సీసా నిండుగానే ఉంటుంది. అంటే మళ్లీ మళ్లీ నింపుకుంటోందన్నమాట.

చిక్కీలు వృథా కాలేదు. మా డిపార్ట్‌మెంటులో పంచాం. కనెక్షన్ బాగా పెరిగింది.

మీ జితేంద్ర


కృష్ణగిరి,
24 జూన్ 2025

ఒరేయ్ జితూ,

సరే, బడ్డీ అంటే మనిషి. ఒప్పుకున్నాను. మీ తాత పైనుంచి విని తల కొట్టుకుంటూ ఉంటాడు. సుబ్బక్కకు మాత్రం ఎలా చెప్పాలో తెలియక ఇంకా చెప్పలేదు. నా చిక్కీలు మీ ఆఫీసు దొరలు తిన్నారన్నది అసలే చెప్పను.

ఆదివారం ధన్య వచ్చింది. మనిషి సగమైంది. పెదాలు ఎండి పగిలాయి. చెంబుతో మజ్జిగ ఇస్తే రెండు గుక్కలు తాగి పెట్టేసింది. "అలవాటు తప్పిపోయింది హేమమ్మా, తాగబుద్ధి కాదు" అంది. నీ గీతల సీసా తెచ్చి వాళ్ల అమ్మకు ఇచ్చేసింది. సుబ్బక్క దాంట్లో ఆముదం పోసుకుంది. నిన్న చూస్తే ఆముదం మధ్యాహ్నం రెండు గంటల గీత దగ్గర ఉంది.

నవ్వకు. ఆ పిల్ల నీళ్లు తాగడం లేదు. ఎందుకో నువ్వే కనుక్కో, నీ ఉద్యోగమే అది కదా. నర్సింగ్ చదవాలని దాచుకుంటోందిరా ఆ జీతం. పని వదలదు, ప్రాణం మీదికి వచ్చినా వదిలే రకం కాదు. "నీ బిడ్డకు మావాడు ఉన్నాడే, నాదీ పూచీ" అని సుబ్బక్కకు మాట ఇచ్చింది నేను. ఆ మాట పోనివ్వకు.

నువ్వు వేళకు తింటున్నావా? నీకు బడ్డీ ఎవరు? అది రాయనే లేదు.

అత్త,
హేమావతి


హోసూరు,
4 జూలై 2025

అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన వెంటనే రంగంలోకి దిగాను. మీరు చెప్పింది అక్షరాలా నిజం, నీళ్లు బాగాలేవు! పాత ఫిల్టరు నీళ్లకు కాస్త ఉప్పదనం ఉంది. అందుకే పిల్లలు తాగడం లేదు. మేనేజ్‌మెంట్‌ను ఒప్పించి కొత్త యంత్రం తెప్పించాను. మామూలు నీళ్లు, నిమ్మ వాసన నీళ్లు, పుదీనా వాసన నీళ్లు మూడూ వస్తాయి. ప్లాంట్ హెడ్ గారే రిబ్బన్ కత్తిరించారు. మొదటి గ్లాసు ధన్యకే ఇప్పించి ఫోటో తీయించాను. ఫోటో అయిపోయాక తాగకుండానే గ్లాసు మెల్లిగా బల్ల మీద పెట్టేసింది. ఎంత మొహమాటమో ఆ అమ్మాయికి!

ఒక బంధువు రాసిన ఉత్తరం వల్ల ఇంత మార్పు వచ్చిందని మీ ఉత్తరం సంగతి మీటింగులో చెప్పాను. ఆముదం మాట చెప్పలేదు.

నాకు బడ్డీ ఎవరని అడిగారు. మా డిపార్ట్‌మెంటులో బేసి సంఖ్య వచ్చింది, నేను మిగిలిపోయాను. ఏం ఇబ్బంది లేదు. అన్నం మెస్సులోనే తింటున్నాను, తినేటప్పుడు లాప్‌టాప్ ఎదురుగా ఉంటుంది.

మీ జితేంద్ర


కృష్ణగిరి,
10 జూలై 2025

ఒరేయ్ జితేంద్రా,

పూర్తి పేరుతో పిలిచానంటే నాకు ఎంత మండుతోందో తెలుసుకో.

నేను చెప్పింది నీళ్లు లోపలికి పోయే దారి గురించి కాదు. బయటికి పోయే దారి గురించి. ఆడపిల్ల సంగతి, మగపిల్లాడికి రాయడమెలా అని మొన్న సిగ్గుపడ్డాను. ఆ సిగ్గే తప్పయింది. ఈసారి ధన్యను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"లేచినానంటే అంగాళమ్మక్క రెండు మిషన్లు చూడాల. ఆయమ్మకు మోకాలు నొప్పి. ఒకటి ఆలస్యమైతే చాలు, ఎర్ర లైటు వెలుగుతాది. సూపర్‌వైజర్ శివరాజ్ సారు వచ్చి నిలబడతాడు. లైనంతా నన్నే చూస్తాది. నీళ్లు తాగకుంటే ఆ తొందరే లేదు కదా హేమమ్మా. ఈడ అందరమూ అంతే."

ఇప్పుడు ఒంటికి పోతే మంట పుడుతోందట. అది చెప్పడానికి గోడ వైపు తిరిగింది. డాక్టరు దగ్గరికి పోయిందట కూడా. నీ ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే, ఆస్పత్రిలో మంచం ఎక్కిన వాళ్లకే చెల్లుతుంది, ఊరికే మాత్రలకు చెల్లదు అన్నారట. అంటే ముదరబెట్టుకుని రమ్మని.

నీళ్లు తాగమని సీసా ఇచ్చారు. తాగితే లేవకుండా తోడు ఇచ్చారు. లేవక రోగం వస్తే కార్డు ఇచ్చారు. మూడూ ఎంత బాగా అమరాయిరా! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే. మీ మామయ్య విని ఒకటే అన్నాడు. "మనిషి లేస్తే కూర్చునేదానికి ఇంకో మనిషిని పెట్టల్యా? ఇంత పెద్ద అంగట్లో?"

వెంటనే చూడు.

హేమావతి


హోసూరు,
21 జూలై 2025

అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఆడవాళ్ల బాత్రూముల్ని హౌస్‌కీపింగ్ ఆమెను వెంటబెట్టుకుని స్వయంగా తనిఖీ చేశాను. చాలా శుభ్రంగా ఉన్నాయి. చెయ్యి చాపితే నీళ్లొచ్చే కుళాయిలు, గోడకు మొక్కలు, సన్నగా సంగీతం. నేను ఉన్నంతసేపూ ఒక్కరు కూడా రాలేదు. కాబట్టి రద్దీ సమస్య కాదని రిపోర్టు రాశాను.

మరో వార్త. మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. గురువారం ధన్యకు లైన్లోనే చలిజ్వరం వచ్చి వణికిపోయింది. ఆస్పత్రిలో చేర్పించాం. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీలకు పాకిందట. ఇంకా ఆగి ఉంటే కిడ్నీ దెబ్బతినేదని డాక్టరు అన్నారు. ఇప్పుడు గండం గడిచింది. సంతోషించాల్సిన విషయం ఏమిటంటే మన కార్డు అద్భుతంగా పనిచేసింది! ధన్య ఒక్క పైసా కట్టలేదు. మా బెనిఫిట్ వాడుకున్న మొదటి ఉద్యోగి తనే.

మేనేజ్‌మెంట్ ఒక పోస్టరు వేయాలనుకుంటోంది. మంచం మీద ధన్య కార్డు పట్టుకుని నవ్వుతున్న ఫోటో. ధన్య అమ్మను అడగమంది, అందుకని తల్లి ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. సుబ్బక్కకు కాగితం ఇచ్చాను, మీరు కాస్త చెప్పి పెట్టించండి.

మీ జితేంద్ర


కృష్ణగిరి,
25 జూలై 2025

జితేంద్రకు,

సుబ్బక్క సంతకం పెట్టలేదు. ఆ కాగితం నేనే చింపాను. చింపి చెత్తబుట్టలో వేస్తే మళ్లీ ఎవరికైనా దొరుకుతుందని పొయ్యిలో వేశాను.

నేనూ సుబ్బక్కా ఆస్పత్రిలో ఆ పిల్ల పక్కనే ఉన్నాం. మొన్న నువ్వు వచ్చి పూలగుత్తి బల్ల మీద పెట్టావు. ఫోటోగ్రాఫర్ని వాకిట్లో నిలబెట్టావు. నిన్ను చూడగానే ధన్య లేచి కూర్చోబోయింది. "వద్దు, లేవకు" అన్నావు. ఆ మాట ఆ పిల్ల మీ దగ్గర బాగా నేర్చుకుందిరా.

నువ్వు పోయాక నాతో ఏమందో తెలుసా? "ఈడ నర్సమ్మ మాటిమాటికీ వచ్చి, ఒంటికి పోయినావా, బాగా పోయినావా అని అడుగుతాది. అడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది హేమమ్మా." ఒక మనిషిని అడగాల్సిన మాట అది. మీ ఫ్యాక్టరీలో ముఖాల బొమ్మలు అంటించమన్నారు, మనసు కనిపెట్టుకోమన్నారు, ఉత్తరాలు రాయమన్నారు. ఆ ఒక్క మాట అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

నాకు నీ మీద కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. నువ్వు చెడ్డవాడివైతే తిట్టి ఊరుకునేదాన్ని. చెడ్డవాడివి కావు. చిన్నప్పుడు పిల్లి కాలు విరిగితే రెండు రోజులు అన్నం తినని వాడివి.

సుబ్బక్క పని మాన్పిస్తానంటోంది. ధన్య చస్తే మాననంటోంది. నర్సు కావాలన్న పట్టు ఆస్పత్రిలో పడుకున్నాక రెండింతలైంది. నువ్వొక పని చెయ్యి. ఒక్క పూట ఆ పిల్ల చోట్లో కూర్చో. కూర్చున్నాక నాకు ఒకే ఒక్క సంగతి రాయి. ధన్య లేస్తే ఆ చోట ఎవరుంటారు? అది తేలేదాకా నీ ఉత్తరం నా గడప తొక్కకూడదు.

హేమావతి


హోసూరు,
18 ఆగస్టు 2025

అత్తయ్యకు,

మీ గడప తొక్కే అర్హత వచ్చిందో లేదో తెలియదు. జరిగింది రాస్తున్నాను.

ధన్య సెలవులో ఉన్నప్పుడు ఆ స్టేషన్లో కూర్చున్నాను. శివరాజ్ నవ్వాడు. "టై తీసి కూర్చోప్పా, మిషన్‌కు హెచ్.ఆర్. ఎవరో తెలీదు" అన్నాడు. అలవాటు కొద్దీ పొద్దున్నే రెండు టీలు తాగి వచ్చాను. ఇక మీకు వేరే చెప్పక్కర్లేదు. కాసేపు ఓర్చుకున్నాను. అంగాళమ్మ వైపు చూస్తే, తన పని చేస్తూనే, "పో సారూ, నేను చూస్తా" అంది. ఆమె నొప్పి కాలు చాపుకుని కూర్చుని ఉంది. వెళ్లలేకపోయాను. భోజనం గంట కొట్టేసరికి నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. బాత్రూములో నిలబడి ఆ సన్నటి సంగీతం వింటుంటే ఎవరినైనా కొట్టాలనిపించింది. ఎదురుగా అద్దంలో నేనే ఉన్నాను.

శివరాజ్‌ను అడిగితే మామూలుగా చెప్పాడు. "ముందంతా లైనుకొక రిలీఫ్ మనిషి ఉండినారు. ఎవరు లేచినా వాళ్లు వచ్చి కూర్చునేది. ఊరికే తిరుగుతున్నారని తీసేసినారు. తీసేసిన ఏడాదే మీ ఆనందం మొదలైంది."

మేనేజర్ దగ్గరికి వెళ్లి లైనుకొక రిలీఫ్ మనిషి కావాలన్నాను. కొత్త మనుషులకు బడ్జెట్ లేదన్నారు. వెల్‌బీయింగ్‌కు ఉందా అంటే, "అది ఖర్చు కాక ఏం చెయ్యాలో తెలీడం లేదు" అన్నారు. గదికి వచ్చి అదే మనిషిని ఇంకో పేరుతో రాశాను. 'ఎనర్జీ ఫ్లో పార్ట్‌నర్'. నడవడం, నీళ్లు, సహోద్యోగుల మధ్య అనుబంధం అని నాలుగు రంగుల బొమ్మలు వేశాను. మీటింగులో చప్పట్లు కొట్టారు. టీ చల్లారేలోగా సంతకం అయిపోయింది. దాని కోసం మా నవ్వుల యోగా క్లాసు ఎత్తేశారు, మాస్టారు ఇక రారు. ఆయన నవ్వకుండానే వెళ్లిపోయారు.

మనిషి కావాలంటే లేదన్నారు, ఆటబొమ్మ పేరు పెడితే ఇచ్చారు. గెలిచానో మోసం చేశానో తెలియదు అత్తయ్యా. నాకు సిగ్గుగా ఉంది. వచ్చే వారం ధన్య పనిలోకి వస్తోంది. తను లేస్తే కస్తూరి అనే అమ్మాయి వచ్చి కూర్చుంటుంది. మీరు అడిగినదానికి జవాబు ఇది.

పోస్టరు వేయనివ్వలేదు.

మీ జితూ


కృష్ణగిరి,
15 సెప్టెంబరు 2025

ఒరేయ్ జితూ,

నూరేళ్లు బతుకు. ఈసారి మనస్ఫూర్తిగానే అంటున్నాను.

నీ ఉత్తరం మీ మామయ్యకు చదివాను. "పార్ట్‌నరా? లాభంలో వాటా ఇస్తారా ఆ కస్తూరికి?" అన్నాడు. లేదన్నాను. "వాటా లేకుంటే అదేం పార్ట్‌నరప్పా?" అని ఇక్కడి పోచంపల్లి సంతకు బయల్దేరాడు. నువ్వు మీవాళ్లను మోసం చేశావా అని బాధపడకు. మాయ మాటలు తప్ప ఇంకేమీ కొననివాడికి మాయ మాటల్లో చుట్టి మంచి సరుకు అమ్మావు. కోమటి రక్తం ఎక్కడికి పోతుంది! పేరు మార్చకుండా ఇస్తే ఇంకా బాగుండేది. ఆ సిగ్గు మాత్రం వదలకు, నీ ఉద్యోగానికి పనికొస్తుంది.

నీ గురించి నాకు ఇంకా బెంగగానే ఉంది. ఆ లాప్‌టాప్‌తో కలిసి అన్నం తినడం మానెయ్. ఆదివారాలు బస్సెక్కి రా. బేసి సంఖ్యలో మిగిలిపోయినవాడికి ఇక్కడ ఒక విస్తరి ఉంటుంది.

ఇక ఆ పిల్ల సంగతి. నిన్న వచ్చింది. ముఖం తేటపడింది. వచ్చీ రాగానే కుండ దగ్గరికి పోయి చెంబెడు నీళ్లు గటగటా తాగింది. సుబ్బక్క చేట ఆపి అటే చూస్తూ ఉండిపోయింది. కొట్లో రద్దీగా ఉంది, నేను కందిపప్పు తూస్తున్నాను, "కాసేపు గల్లా చూడవే" అంటే కూర్చుంది. బేరం మధ్యలో, అంతమంది మగాళ్లు నిలబడి ఉండగా, టక్కున లేచింది. "నేను పోయొస్తా, ఎవరన్నా కూర్చోండి" అని గట్టిగా అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి నడిచింది.

మీ మామయ్య వచ్చి గల్లా దగ్గర కూర్చున్నాడు. ఆయనకు ఎవరూ ఇంగ్లీషు పేరు పెట్టలేదు.

నీ అత్త,
హేమావతి